ఈ-పుస్తక పఠనంలో ఇంద్రియ ప్రభావాలు: రససిద్ధాంత దృష్టి

1. ఉపోద్ఘాతం

అక్షరాలకు శబ్దాన్ని, వెలుగును, స్పర్శను జోడిస్తే పఠనానుభవం గాఢమవుతుందన్న భావన ఎలక్ట్రానిక్ పుస్తకాలతో ఆచరణలోకి వచ్చింది. 2011లో మొదలైన బుక్‌ట్రాక్, పాఠకుని చదువు వేగాన్ని అంచనా వేసి సన్నివేశానికి తగిన సంగీతాన్ని, శబ్దాలను వినిపించింది. ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో రూపొంది 2014లో ప్రాచుర్యం పొందిన ‘సెన్సరీ ఫిక్షన్’ పాఠకుని దేహాన్నే మాధ్యమంగా చేసుకొంది. ఇవి కలిగించే స్పందనను రసానుభూతి అనవచ్చునా అన్నది ఇక్కడి పరిశీలనాంశం.

2. కథ - కవచం

‘సెన్సరీ ఫిక్షన్’కు ఎంచుకొన్న రచన ‘ది గర్ల్ హూ వాజ్ ప్లగ్డ్ ఇన్’ (1973). జేమ్స్ టిప్ట్రీ జూనియర్ అనే కలంపేరుతో ఆలిస్ షెల్డన్ రాసిన కథ ఇది. కురూపిగా తిరస్కారానికి గురైన పి. బర్క్, ఒక వ్యాపారసంస్థ అధీనంలో ఉండి, డెల్ఫీ అనే సుందరదేహాన్ని దూరం నుంచి నడుపుతుంది. ఈ పుస్తకానికి 150 ఎల్‌ఈడీ దీపాలు అమర్చారు. పాఠకుడు తొడుక్కొనే కవచం నాయిక మనఃస్థితిని బట్టి కంపిస్తుంది, వేడెక్కుతుంది, గాలిసంచులతో ఒంటిని బిగిస్తుంది. యంత్రానికి బందీ అయిన దేహం కథను యంత్రం తొడుక్కొని చదవడంలో ఔచిత్యం లేకపోలేదు.

3. అనుభావం - రసం

వేపథువు, స్వేదం, రోమాంచం వంటివి భరతుడు చెప్పిన సాత్త్విక భావాలు. పాత్రలోని భావాన్ని అవి సూచిస్తాయి. భట్టనాయకుడు ప్రతిపాదించిన సాధారణీకరణం వల్ల ఆ భావం వ్యక్తిగత పరిధిని దాటి సహృదయునికి ఆస్వాద్యమవుతుంది. కవచం ఈ క్రమాన్ని తలకిందులు చేస్తుంది. భావాన్ని ఊహించక ముందే దాని శారీరక చిహ్నాన్ని పాఠకుని ఒంటిమీదికి తెస్తుంది. అలా పుట్టే ఉలికిపాటు లౌకికం. అది రసం కాదు.

మరో లోపం ఇంతకన్నా కీలకమైనది. ఈ కథ బలం కథకుని వ్యంగ్యస్వరంలో ఉంది. అది పాఠకుణ్ణి నేరుగా సంబోధిస్తూ, డెల్ఫీ మెరుపుల వెనుక సాగే సరుకుల ప్రచారాన్ని ఎత్తిచూపుతుంది. కవచం నాయిక పరవశాన్ని అనుకరించగలదు కానీ ఆ పరవశాన్ని విమర్శించే స్వరాన్ని అందించలేదు. పాఠకుడు డెల్ఫీ అభిమానులలో ఒకడుగా మిగిలిపోయే ప్రమాదం ఉంది.

4. ముగింపు

బుక్‌ట్రాక్ వినిపించే వాన చప్పుడు ఉద్దీపన విభావం వంటిది. పాఠకుని ఊహకు చోటు మిగులుస్తుంది. అయితే ఒక వాక్యం దగ్గర ఆగి ఆలోచించే పాఠకుణ్ణి ఆ శబ్దం దాటిపోకూడదు. పరిసరాన్ని సూచించే ప్రభావాలు పఠనానికి తోడ్పడతాయి. పాఠకుని బదులు తామే స్పందించే ప్రభావాలు పఠనాన్ని అనవసరం చేస్తాయి. ఇటువంటి ప్రయోగాల విలువను నిర్ణయించవలసింది ఈ భేదమే.