సుగ్రీవుని మరపు

కూరలో ఉప్పు ఒక్క పలుకు ఎక్కువైన దినమున భోజనపంక్తిలో ఆ సంగతి ఎత్తని నోరుండదు. సరిపోయిన దినములలో, అనగా సంవత్సరమున మిక్కిలి అధికభాగము, ఆ ఉప్పును తలచువారే ఉండరు. లోపము కంటబడినంత వేగముగ అమరిక కంటబడకుండుట మనుష్యస్వభావమే యైనను, ఈ స్వభావము వీధిలోకంటె ఇంటిలోనే హెచ్చుగ ప్రబలియుండుట విచిత్రము. బస్సులో చోటిచ్చిన అపరిచితునకు తల యూచి సంతోషము తెలుపుదుము. పొరుగింట విందారగించి లేచునపుడు 'అన్నదాతా సుఖీభవ' అని నిండునోట దీవింతుము. కనుమనాడు పశువుల కొమ్ములకు రంగులు పూసి, దసరా ఆయుధపూజలో కత్తిపీటకు సైతము పసుపుకుంకుమలు పెట్టుదుము. ఏడాది పొడవునా ఆ కత్తిపీట ముందు కూర్చుండు మనిషికి మాత్రము ఏ పండుగయు ఏర్పడలేదు.

ఉదయము ఏడుగంటలకు పొగలు గ్రక్కుచు పళ్లెములోనికి వచ్చు ఇడ్డెననే చూడుడు. ముందటి దినము మధ్యాహ్నమే మినపప్పు నానవేసి, సాయంకాలము పొట్టు పోవ కడిగి, గ్రైండరులో నీరు చిలకరించుచు పిండి తేలికపడువరకు రుబ్బి, కడిగి పిండిన ఇడ్లీరవ్వను అందు కలిపి, చలికి పులియదేమోనని గిన్నెను పొయ్యి దాపునకు జరిపి, పొంగి కారునేమోనని అడుగున పళ్లెముంచి, ఆ పిమ్మటగాని ఒకరు నిదురకు పోలేదు. ఇన్ని తలపోతల ఫలమును తినువాడు పది నిమిషములలో ముగించి, 'చట్నీ కొంచెం పలచబడింది' అని చేయి కడుగుకొనును. ఇంటిపనిలో శరీరశ్రమ కొంతయైనను కంటికి కనబడును. రేపటిని గూర్చిన ఈ ముందుచూపు ఎవ్వరికిని కనబడదు, బరువు ఎక్కువగా నున్నది అందే.

2019లో జాతీయ గణాంక కార్యాలయము ఆరేండ్లును ఆపై వయసును గలవారిని విచారించి జరిపిన కాలవినియోగ సర్వే ననుసరించి, మనదేశమున వేతనము లేని ఇంటిపనులలో పాల్గొను స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములు వెచ్చించుచుండగా, పాల్గొను పురుషులు 97 నిమిషములు వెచ్చించుచుండిరి; అసలు పాల్గొను పురుషులే నాడు నూటికి 26 మంది. పప్పు నానవేసితినో లేదో యని నడుమ నడుమ ఉలికిపడు కాలము ఆ లెక్కకు ఎక్కియుండదని నా ఊహ.

కిష్కింధాకాండములో, వానకాలము గడచినను సీతాన్వేషణకు బయలుదేరని సుగ్రీవునిపై లక్ష్మణుడు కోపించి వచ్చి, దొంగకును త్రాగుబోతునకును సైతము ప్రాయశ్చిత్తము కలదు గాని కృతఘ్నునకు లేదని హెచ్చరించును. ఆ ఘట్టము తలచినప్పుడెల్ల నా మనస్సు లక్ష్మణుని ఆగ్రహముకంటె సుగ్రీవుని స్థితియందే నిలుచును. అతడు ద్రోహి కాడు. మేలు చేసినవానికి కీడు తలపెట్టినవాడు కాడు. రాజ్యమును భార్యయు మరల దక్కిన సుఖములో మునిగి, ఆ సుఖమెవరి వలన కలిగెనో మరచినవాడు. ఇంటిలో మన మరపు ఈ జాతిదే. హాయివలన పుట్టినది గనుకనే దానిని మనము దోషముగ గుర్తింపము. ఆ సుగ్రీవుడు మేలుకొనిన పిమ్మట మంచిమాటలతో సరిపెట్టక వానరులను నలుదిక్కులకు పంపెను.

మా ఇంట కొంతకాలముగా ఒక చిన్న అభ్యాసము నడచుచున్నది. భోజనమువేళ 'బాగుంది' అను పొడిమాట చాలదు, ఏది బాగున్నదో చెప్పవలెను. తొలుత ఇది నవ్వులాటయే అయినది. మా పెద్దవాడు, 'అమ్మా, ఇవాళ పప్పుచారులో పులుపు సరిగ్గా కుదిరింది' అన్నంతనే, వాని తల్లి గరిటె చేతబట్టుకొనియే వాని నెగాదిగ చూచి, 'ఏం కావాల్రా నీకు?' అని అడిగినది. ప్రశంస అంత అరుదైన చోట అది లంచముగ తోచుటలో వింత ఏమున్నది! అయినను క్రమముగ, చెప్పవలెనన్న చూడక తప్పలేదు. చూచినకొలది పని తెలిసినది. పని తెలిసినవారికి ఊరక కూర్చుండుట కష్టమైనది. ఇప్పుడు సెలవుదినములలో మినపప్పు నానవేయు పూచీ మా చిన్నదానిది. అది మరచిన మరునాడు అందరికిని ఉప్మాయే.

కృతజ్ఞత మాటగ వెలువడి అంతటితో ఆగిపోవునేని, అది ఇల్లాలికి మరియొక భారమగును, ఏలయన అంత పొగడ్త విన్న పిదప విసుగుకొను హక్కైనను ఆమెకు మిగులదు. 'అమ్మ చేయి అమృతం' అని కొనియాడి, ఆ చేతికే అంట్లు అప్పగించుట మన యిండ్లలో తరతరములుగ సాగుచున్న రాజనీతి. కావున నా మట్టుకు నాకు తోచిన ధర్మమిది: ఏ పనిని మెచ్చితిమో ఆ పనిలో కొంతయైనను మన చేతికి రావలెను, అంతవరకు ఆ మెచ్చుకోలు తీరని బాకీయే.