సొంత మాటల్లో ఒక పేజీ

ఇంజినీరింగ్ మొదటి ఏడాది పిల్లలకు లెక్కలు చెప్పే నాలాంటి వాళ్లకు, క్లాసులు మొదలైన రెండో నెల చాలా దిగులుగా గడుస్తుంది. గది నిండా పిల్లలుంటారు, ఒక్కరూ నోరు విప్పరు. బోర్డు నిండగానే ఫోన్లు పైకి లేస్తాయి. ఫొటో తీసుకున్నాక ఇక రాయడమెందుకని పెన్ను మూసేస్తారు. ఆ ఫొటోలను మళ్లీ తెరిచి చూసినవాళ్లు ఎంత తక్కువమందో మొదటి మిడ్ పేపర్లు దిద్దుతుంటే తెలుస్తుంది.

వీళ్లు బద్ధకస్తులు కారు. చాలామంది రెండేళ్లపాటు రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లవారకముందే లేచి, రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్లలో కూర్చున్నవాళ్లే. ఏ గంటకు ఏ సబ్జెక్టు తీయాలో అక్కడ బెల్లు చెప్పింది. ఏం చదవాలో మెటీరియల్ చెప్పింది. ఎంత వచ్చిందో వీకెండ్ టెస్ట్ చెప్పింది. యూనివర్సిటీలో సాయంత్రం క్లాసులు అయిపోతే ఆ తర్వాత ఏ బెల్లూ మోగదు. మొదట్లో అది హాయిగానే ఉంటుంది. నెల తిరిగేసరికి ఏం చేయాలో తోచదు. "ఇంటర్‌లో టాపర్‌ని మేడమ్, ఇక్కడ ఏమీ ఎక్కట్లేదు" అనే మాట ఏటా వింటాను. విన్న ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

కాలేజీకి కొత్తగా వచ్చినవాళ్లను ఎలా కలుపుకోవాలో చెబుతూ యూజీసీ 2019లో 'దీక్షారంభ్' పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. మంచి పని. కానీ విన్న పాఠాన్ని కాగితం మీద తనదిగా ఎలా చేసుకోవాలో కూర్చోబెట్టి నేర్పడం నేనెక్కడా చూడలేదు. మొదటి ఏడాదిలో నేర్చుకోవాల్సిన వాటిలో నేను దానికే పెద్దపీట వేస్తాను.

మొదటి ఏడాది లెక్కల్లో మాట్రిక్స్‌లు ఉంటాయి. ఐగెన్ విలువలు కనుక్కోమంటే మా పిల్లలు చకచకా చేసేస్తారు. డిటర్మినెంట్ రాసి, సున్నాకు సమానం చేసి, మూలాలు తీసి, వెక్టర్లు రాసేస్తారు. ఇంటర్ చదువు ఇచ్చిన వేగం అది, దాన్ని నేను తక్కువ చేయను. "ఇంతకీ ఐగెన్ వెక్టర్ అంటే ఏంటి నాన్నా?" అని అడిగితే మాత్రం అందరూ తలలు దించుకుంటారు. తెలుగు మీడియంలో చదువుకుని వచ్చిన ఒక అమ్మాయి నోట్సు మార్జిన్‌లో దీనికి జవాబు చూశాను. మాట్రిక్స్‌తో గుణిస్తే మామూలు వెక్టర్ పక్కకు తిరిగిపోతుందట. ఐగెన్ వెక్టర్ మాత్రం తన గీత మీదే ఉంటుందట, సాగుతుంది, లేదా కుంచించుకుపోతుంది, ఒక్కోసారి అదే గీత మీద వెనక్కి తిరుగుతుంది. ఎంత సాగిందో చెప్పే అంకే ఐగెన్ విలువ. దాని కింద "సున్నా అయితే?" అని రాసి గుండ్రంగా చుట్టింది. ఆ ప్రశ్న పట్టుకునే స్టాఫ్‌రూముకు వచ్చింది. అలాంటి మాట్రిక్స్‌కు విలోమం ఉండదన్న సంగతి తనే తేల్చుకుని వెళ్లింది. మా పిల్లలు చదివే గ్రేవాల్ పుస్తకం వెయ్యి పేజీలు దాటుతుంది. అందులోంచి ఎత్తి రాసిన మాటలు కావవి, ఆ అమ్మాయి కష్టపడి కట్టుకున్నవి.

పరీక్ష ఇంగ్లిషులో రాయాలి, నిజమే. అర్థం చేసుకోవడం కూడా ఇంగ్లిషులోనే జరగాలని ఏ రెగ్యులేషన్‌లోనూ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ చదువు కూడా ఇంగ్లిష్ మీడియానికి మారింది కాబట్టి ఈ మాట బీఎస్సీ, బీకాం పిల్లలకూ వర్తిస్తుంది. నిర్వచనం ఇంగ్లిషులో ఉండనివ్వండి, పక్కన దాని సంగతేమిటో ఇంట్లో మాట్లాడే తెలుగులో రాసుకోండి. పరీక్ష నాటికి రెండూ కలుస్తాయి.

నోట్సు పేజీ ఎలా ఉండాలంటే, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ పాక్ అనే ఆచార్యుడు 1950ల్లో చెప్పిన పద్ధతినే నేను నేర్పుతాను. పేజీకి ఎడమవైపు వెడల్పుగా మార్జిన్ వదలాలి. క్లాసులో విన్నది కుడివైపు రాయాలి. ఆ సాయంత్రమే, మర్నాటికి వాయిదా వేయకుండా, దాంట్లోంచి పుట్టే ప్రశ్నలు మార్జిన్‌లో రాయాలి. అడుగున రెండు మూడు వాక్యాల్లో సారం రాసుకోవాలి. తర్వాత కుడివైపు మూసేసి, ప్రశ్నలు మాత్రమే చూస్తూ జవాబులు చెప్పుకోవాలి.

ఈ చివరి పనే చాలామంది వదిలేస్తారు, అసలు బలం దానిదే. రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనోవిజ్ఞాన పరిశోధకులు 2006లో దీన్ని పరీక్షించి చూపారు. కొందరు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు, కొందరు ఒకసారి చదివి, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు బాగా ముందున్నారు. మిడ్ పరీక్ష ముందు రాత్రి సీనియర్ ఇచ్చిన జిరాక్సును నాలుగుసార్లు తిరగేసిన కుర్రాడికి అంతా వచ్చేసినట్టు ఎందుకనిపిస్తుందో, సెమిస్టర్ పరీక్ష నాటికి అది ఎందుకు మిగలదో దీంతో తెలుస్తుంది.

హాస్టల్ భోజనం, ఇంటి బెంగ, ఇంగ్లిషులో మాట్లాడాలంటే జంకు, ఇవన్నీ ఉంటాయి, చాలావరకు కాలం సర్దుతుంది. సర్దుకోనంత భారమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఒక సబ్జెక్టు పోతే సప్లీ రాసుకోవచ్చు. అమ్మానాన్నలు ఫోన్ చేసినప్పుడు మార్కుల కంటే ముందు, ఇవాళ ఏం అర్థమైందో అడగండి.

తోటి అధ్యాపకులను ఒకటి వేడుకుంటున్నాను. సిలబస్ అయిదు యూనిట్లు, రోజులు తక్కువ, నాకూ తెలుసు. అయినా మొదటి వారంలో ఒక్క గంట నోట్సు రాయడం నేర్పడానికి ఇవ్వండి. పిల్లలూ, మీరు ఈ వారం ఒక్క పాఠానికైనా ఇలా పేజీ రాసి, మార్జిన్‌లో మిగిలిన ప్రశ్న తీసుకుని స్టాఫ్‌రూముకు రండి. గుమ్మం దగ్గర ఆగిపోకండి.