ల్యాప్‌టాప్ మూత మూశాక

వరంగల్ దగ్గర ఒక సంగీత్. రాత్రి తొమ్మిది కావస్తోంది. పెళ్లికూతురి మేనమామలు చొక్కా చేతులు మడిచి మధ్యలోకి దిగారు. పాట సగంలో ఉండగా నా ల్యాప్‌టాప్ తెర నీలంగా మారిపోయింది. బాక్సులు మూగబోయాయి. అది మళ్లీ లేచేసరికి నాలుగు నిమిషాలు పట్టింది. ఈలోగా ఎత్తిన చేతులు దిగిపోయాయి. పెద్దాయన ఒకరు నా దగ్గరికొచ్చి "ఏమైంది బాబూ?" అని మెల్లగా అడిగారు. ఆయన తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు.

ఆ ఏడాదే ల్యాప్‌టాప్ అక్కర్లేని డీజే కన్సోల్‌కి మారాను. భయం కొద్దీ మారినా, ఇప్పుడు ఇష్టం కొద్దీ వాడుతున్నాను. అన్నాళ్లూ కళ్లు తెరకే అంటుకుపోయి ఉండేవి. చెవి చేయాల్సిన పని కూడా కళ్లే చేసేవి. పాటల కదలికను గీతల్లో చూసి కలిపేవాణ్ణి తప్ప విని కలిపింది తక్కువ.

నిజానికి డీజే విద్య పుట్టిందే కంప్యూటర్ లేకుండా. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ ఎవెన్యూ అపార్ట్‌మెంట్ హాల్లో చెల్లెలు పెట్టిన పార్టీకి డీజే కూల్ హెర్క్ రికార్డులు వేశాడు. పాటలో డ్రమ్స్ ఒక్కటే మోగే ముక్క వచ్చినప్పుడు జనం ఊగిపోవడం గమనించి, ఒకే రికార్డు రెండు కాపీలు పెట్టుకుని ఆ ముక్కనే మార్చి మార్చి వేసేవాడు. హిప్‌హాప్ అక్కణ్ణించే మొదలైందంటారు. 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ప్లేయర్, 1979 నాటి దాని రెండో రూపం ఈ పనికి ఆధారమయ్యాయి. వేగాన్ని 8 శాతం వరకు పెంచడానికీ తగ్గించడానికీ పక్కన జారే మీట పెట్టింది ఆ రెండో రూపంలోనే. 2001లో పయొనీర్ సీడీజే-1000 వచ్చి సీడీని కూడా రికార్డులా చేత్తో తిప్పనిచ్చింది. ల్యాప్‌టాప్ రాజ్యం ఆ తర్వాతిది. రెండు డెక్కులు, మధ్యలో మిక్సర్, చిన్న తెర, అన్నీ ఒకే కన్సోల్‌లో ఇమిడి, పెన్‌డ్రైవ్ పెడితే పాడే యంత్రాలు ఇంకా తర్వాత వచ్చాయి. వీటి లోపలా కంప్యూటరే ఉంటుంది, కాకపోతే దానికి ఈ ఒక్క పనే.

పాటలు కలపడం చెప్పడానికి తేలిక, చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. ఒక పాట బాక్సుల్లో మోగుతుంటుంది. రెండోది హెడ్‌ఫోన్లలో నాకొక్కడికే వినిపిస్తుంది. ఒక చెవి లోపలి పాటకి, ఒకటి బయటి పాటకి. ముందు మీటతో రెండింటి వేగం సరిచేయాలి. తర్వాత దీని మొదటి దెబ్బ దాని మొదటి దెబ్బ మీదే పడేలా చూడాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా గుర్రం నడిచినట్టు టకటకమంటుంది. డెక్కు మీద తిరిగే గుండ్రటి జాగ్ వీల్ అంచుని వేలితో కాస్త తోస్తే చప్పుళ్లు దగ్గరవుతూ వచ్చి ఒక్కటిగా పడతాయి. అప్పుడు పాతదాని బేస్ దించి కొత్తదాని బేస్ లేపాలి. రెండు బేసులూ కలిసి మోగితే హాలంతా గుబగుబ తప్ప ఏమీ వినపడదు.

రెండు పాటల్నీ తానే కలిపే సింక్ బటన్ ఉందిగా అంటారు. ఉంది, నేనూ నొక్కుతాను. కానీ మన పాటల దగ్గర అది తరచూ బోల్తా పడుతుంది. డెబ్బైలు, ఎనభైల సినిమా పాటలు వాద్యబృందం మొత్తం ఒకచోట కూర్చుని వాయించినవి. వేగం మనిషి ఊపిరిలా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. పల్లవిలో కుదిరిన లెక్క రెండో చరణానికి జారిపోతుంది. డప్పు మీద నడిచే జానపదాల్లో చాలావాటిది తిశ్ర నడక, ఒక్కో దెబ్బలో మూడు మాత్రలు. నిమిషానికి వంద దెబ్బల పాటను యంత్రం నూట యాభై అని లెక్కగట్టిన సందర్భాలు నాకెన్నో. అక్కడ వేలూ చెవే దిక్కు.

ల్యాప్‌టాప్ పోయింది, ఇక వైర్లూ అక్కర్లేదంటారు కొందరు. ఆ వైర్‌లెస్ అనే మాట దగ్గర మాత్రం కాస్త ఆగాలి. నిమిషానికి 120 దెబ్బల పాటలో దెబ్బకీ దెబ్బకీ మధ్య అర సెకను. మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో శబ్దం సెకనులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా ఆలస్యంగా రావడం మామూలే. ఊరికే వినడానికి అది తెలియను కూడా తెలియదు. కలపడానికి కూర్చుంటే మాత్రం చెవిలో ఒకటి, బయట ఇంకొకటి. అందుకే ఈ పని కోసం వేరే పద్ధతులు పుట్టాయి. పయొనీర్ డీజే పరికరాలు చేసే ఆల్ఫాథీటా కంపెనీ సోనిక్‌లింక్ పేరుతో తెచ్చిన హెడ్‌ఫోన్లలో ఆలస్యం సెకనులో వెయ్యింట తొమ్మిది వంతులేనని చెబుతుంది. 2024లో అదే కంపెనీ తెచ్చిన ఆమ్నిస్-డ్యుయో కన్సోల్ కరెంటు వైరు లేకుండా బ్యాటరీ మీద నడుస్తుంది. మేడ మీద పుట్టినరోజుకి అది హాయి. ఫంక్షన్ హాల్లో బాక్సులకి నేనింకా వైరే లాగుతాను.

వైఫైది ఇంకో సంగతి. డెనాన్ ప్రైమ్ వరస యంత్రాలు పాటను నెట్ నుంచి నేరుగా తెచ్చుకుంటాయి, దెబ్బల లెక్కా అవే కట్టుకుంటాయి. ఎవరో తమ్ముడొచ్చి "అన్నా, ఈ పాట పెట్టవా" అని ఫోన్ చూపిస్తే లేదనక్కర్లేదు. అయితే ఐదొందల ఫోన్లున్న హాల్లో సిగ్నల్‌ని నమ్మి రాత్రంతా నడపలేం. అసలు సరుకు పెన్‌డ్రైవ్‌లోనే ఉండాలి.

ఆ సరుకు ఇంట్లో సర్దుకోవడమే సగం పని. ఒకటి కాదు, రెండు పెన్‌డ్రైవ్‌లు ఉండాలి, రెండింట్లోనూ అవే పాటలు. పాత ప్లేయర్లు కూడా చదివేలా ఫ్యాట్32లో ఫార్మాట్ చేసుకోవాలి. ప్రతి పాటనీ మొత్తం విని, దెబ్బలు ఎక్కడ మొదలవుతాయో, మాటలు ఎక్కడ ఆగుతాయో గుర్తులు పెట్టుకోవాలి. వాట్సాప్‌లో చేతులు మారి వచ్చిన పాట ఫోన్‌లో బాగానే ఉంటుంది, పెద్ద బాక్సుల్లో రేకు డబ్బాలా మోగుతుంది.

ఒక లోటు ఒప్పుకోవాలి. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది, పెద్ద కన్సోళ్లలో చాలావాటికి ఉండదు. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు కన్సోల్ ఆరిపోయి, మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. అందుకే చిన్న యూపీఎస్ లేకుండా నేను ఇల్లు కదలను.

మొన్నీమధ్య ఒక పల్లెలో, పెళ్లింటి ముందు పందిట్లో వాయిస్తున్నాను. బయట వేసే మైకులకి రాత్రి పది వరకే అనుమతి. తొమ్మిదీ యాభైకి తలెత్తి చూస్తే గోడ వారగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న నానమ్మ పాదం ఆడుతోంది. కుర్రాళ్ల పాట బేస్ దించి, ఆమె వయసుకి తగ్గ పాత పాట ఒకటి అందుకున్నాను. సింక్ తీసేశాను. రెండో చరణం దగ్గర వేగం జారుతుంటే వేలు జాగ్ వీల్ మీదే ఉంచి పట్టుకున్నాను. ఆమె చేతికర్ర కోడలికిచ్చి లేచింది. పదికి ఇంకా ఏడు నిమిషాలుంది.