జర్మనీ చదువు: ఎవరికి ఉచితం?

జర్మనీలో చదువు ఉచితం అనే మాట ఇప్పుడు మన సాంఘిక సంక్షేమ హాస్టళ్ళ దాకా వచ్చింది. అమెరికా పోవాలంటే పొలం అమ్మాలి, జర్మనీ పోవాలంటే మార్కులుంటే చాలు అని కన్సల్టెన్సీల వాళ్ళు చెప్తున్నారు. మన పిల్లలు నమ్ముతున్నారు. అది పూర్తిగా అబద్ధమేమీ కాదు. 2005లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు తర్వాత కొన్ని రాష్ట్రాలు ఫీజులు పెట్టాయి. విద్యార్థులు వీధుల్లోకొచ్చారు. 2014 నాటికి ఆఖరి రాష్ట్రం కూడా వాటిని ఎత్తేసింది. చదువుని సరుకుగా అమ్మకూడదని ఒక సమాజం కొట్లాడి తేల్చుకుంది. దీన్ని మేము తక్కువ చేసి మాట్లాడటం లేదు. అయితే ఫీజు లేకపోవటమూ తలుపు తెరిచి వుండటమూ ఒకటేనా అన్నది ప్రశ్న. ఒక జర్మన్ యూనివర్సిటీలో ఏడాది పాటు వుండి వచ్చినవాళ్ళంగా ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మేము వెళ్ళింది ఫెలోషిప్ మీద. కనుక డబ్బు చూపించే బాధ మాకు తప్పింది. మాతోపాటే అడ్మిషన్ తెచ్చుకున్న మిత్రుడికి తప్పలేదు. సొంతంగా పోయే విద్యార్థికి వీసా కావాలంటే ఏడాది బతుకు ఖర్చు ముందే చూపించాలి. ఎక్కువమంది చేసేది ఆ మొత్తాన్ని ఒక ఖాతాలో వేయటం. అక్కడికి పోయాక నెలకింత అని మాత్రమే బయటికొస్తుంది. బ్లాక్డ్ అకౌంట్ అంటారు దాన్ని. 2022లో ఆ మొత్తం 10,332 యూరోలు. 2024 సెప్టెంబరు నుంచి 11,904 యూరోలు. అంటే మన రూపాయల్లో 12 లక్షలకు అటూ ఇటూ. ఫీజు సున్నా, పూచీ 12 లక్షలు! పైగా ఇది ముందు ఖర్చుపెట్టే డబ్బు కాదు, వుందని చూపించే డబ్బు. వుందని చూపించే డబ్బు ఏ ఇళ్ళల్లో వుంటుందో ఎవరికైనా తెలుసు. మన ఇళ్ళల్లో డబ్బు నిలవదు, వచ్చింది వచ్చినట్టే అప్పుకో ఆస్పత్రికో పోతుంది. మా మిత్రుడి తండ్రికున్నది ఒక ఎకరం అసైన్డ్ భూమి. బ్యాంకులో పూచీ ఎవరన్నారు. పూచీ పడే మనిషి పల్లెలో లేడు. వూళ్ళో వున్నాడు గానీ, ఆయన పొలంలోనే వీళ్ళు కౌలు చేస్తున్నారు. అడ్మిషన్ లెటరు ఇప్పటికీ వాళ్ళింట్లో ట్రంకుపెట్టెలో వుంది.

ప్రభుత్వ పథకాలు లేవా అంటే వున్నాయి. తెలంగాణలో అంబేద్కర్ పేరు మీద పెట్టిన ఓవర్సీస్ విద్యానిధిలో 20 లక్షల దాకా ఇస్తారు, జర్మనీ కూడా ఆ జాబితాలో వుంది. అయితే మొదటి వాయిదా వచ్చేది విమానం దిగినట్టు కాగితం చూపించాక. వీసా వాళ్ళు ఎక్కకముందే డబ్బు చూపించమంటారు, పథకం వాళ్ళు దిగాక ఇస్తామంటారు. ఈ మధ్యలో వున్న సందులోనే వడ్డీవ్యాపారి కూర్చుని వున్నాడు.

మార్కుల సంగతీ కాస్త చూడాలి. జర్మనీలో 1 అంటే పై మార్కు, 4 అంటే పాసు. మన మార్కుల్ని వాళ్ళ మార్కుల్లోకి మార్చటానికి బవేరియన్ ఫార్ములా అని ఒకటి వుంది. 100కి 40 పాసయ్యే చోట 70 తెచ్చుకుంటే అక్కడ 2.5, 60 తెచ్చుకుంటే 3.0. చాలా కోర్సులు 2.5 కంటే కిందికి దిగవు. తెలుగు మీడియంలో చదివి, ఎండాకాలం సెలవుల్లో మిరపకాయలు కోసి, డిగ్రీలో ఇంగ్లీషు చూసి బెదిరి, ఎట్లాగో 60 తెచ్చుకున్నవాడి కథంతా ఆ ఫార్ములాలో పట్టదు. ఫార్ములాకి కులం లేదు నిజమే. అది కులం వేసిన మార్కుల్ని తీసుకుని ఇంకో లిపిలో రాస్తుంది, అంతే.

ఇంకోటి. 2017 నుంచి బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టరుకి 1,500 యూరోలు తీసుకోవటం మొదలుపెట్టింది. హైడెల్‌బెర్గ్ వున్నది ఆ రాష్ట్రంలోనే. 1962లో దక్షిణాసియా అధ్యయనాల కోసం సంస్థ పెట్టిన యూనివర్సిటీ అది. మన గురించి చదువుకునేచోట, ఆ చదువుకి ఫీజు మన దగ్గర!

జర్మనీలో మెట్లు లేవనుకోవటం కూడా అమాయకత్వమే. చాలా రాష్ట్రాల్లో నాలుగో తరగతి అయిపోగానే, పదేళ్ళ పిల్లల్ని విడగొట్టి వేరువేరు రకాల స్కూళ్ళకి పంపిస్తారు. 2018లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం యూనివర్సిటీ చదివిన తల్లిదండ్రుల పిల్లలు నూరుమందిలో 79 మంది యూనివర్సిటీకి చేరుతుంటే, చదవనివాళ్ళ పిల్లల్లో చేరేది 27 మంది. వాళ్ళ భాషలో ఆర్బైటర్‌కిండ్ అనే మాట వుంది, కార్మికుడి బిడ్డ అని. యూనివర్సిటీకొచ్చిన అట్లాంటి పిల్లల కోసం 2008లో అదే పేరుతో ఒక సంస్థ కూడా పెట్టుకున్నారు. మా పక్కగది అమ్మాయి మొదటి రోజే, మా అమ్మ ఫ్యాక్టరీలో పని చేసేది, నేను ఆర్బైటర్‌కిండ్ అని మామూలుగా చెప్పేసింది. మేమూ అదే అని చెప్పాలనిపించింది. నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకంటే కార్మికుడి బిడ్డ ప్రొఫెసరైతే ఆ బిడ్డ బిడ్డ ప్రొఫెసరు బిడ్డ అవుతుంది. మాదిగ ప్రొఫెసరు బిడ్డ ఏమవుతుంది? మన కామ్రేడ్లతో ముప్పయి ఏళ్ళుగా పడిన తగాదాయే ఆ రోజు హాస్టల్ వంటగదిలో మా లోపల జరిగింది.

ఇక క్లాసులో కనిపించే ఇండియా. మేము చేరిన సెమినారులో ప్రొఫెసరు మంచి మనిషి. మీ ఇంట్లో ఏ పురాణం చదివేవాళ్ళు అని ఆప్యాయంగా అడిగాడు. మా ఇంట్లో చదివేవాళ్ళే లేరు. వున్న ఒక్క పుస్తకం బైబిలు, అదీ ఆదివారం పాస్టరుగారొచ్చి చదివేది. ఈ జవాబు ఆయనకి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తప్పు ఆ మనిషిది కాదు, ఆ శాస్త్రానిది. 1818లో ష్లెగెల్ బాన్‌లో ప్రొఫెసరైనప్పుడు జర్మనీలో సంస్కృతానికి మొదటి పీఠం ఏర్పడింది. 1823లో ఆయన భగవద్గీతను లాటిన్‌లోకి తెచ్చాడు. అక్కణ్ణుంచి జర్మన్ పండితులకి ఇండియా అంటే సంస్కృతం, సంస్కృతమంటే బ్రాహ్మణుడి గ్రంథం. ఆ గ్రంథాన్ని ఎవరు వినకూడదని రాశారో, ఆ వినకూడని మనిషి ఈ శాస్త్రానికి చాలాకాలం పాటు గ్రంథంలో ఒక శ్లోకం మాత్రమే.

కానీ మా పల్లెకి జర్మనీతో వేరే సంబంధం వుంది. 1842లో గుంటూరొచ్చి లూథరన్ మిషన్ పెట్టిన హేయర్, అమెరికా నుంచి వచ్చినా, పుట్టింది జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో. ఆ జిల్లా మాల మాదిగ పల్లెల్లోకి పలకాబలపం పోయిన దారుల్లో అదొకటి. ఒక జర్మన్ బాన్‌లో కూర్చుని గీత చదివాడు, ఇంకో జర్మన్ గుంటూరు ఎండలో పిల్లలకి అక్షరాలు చెప్పాడు. రెండోవాడి కథ ఇండాలజీలోకి రాలేదు, మిషన్ చరిత్ర కింద వేరే బీరువాలోకి పోయింది. మిషనరీ మనల్ని చూసిన చూపులో లోపాలు లేవని కాదు. ఆ బీరువాలో మన ముత్తాతల పేర్లు వుండొచ్చు. గీత పక్కన వుండే అవకాశం మాత్రం లేదు.

మాకు నిజంగా దొరికింది ఒకటుంది, అది చెప్పకపోతే అన్యాయం. జర్మన్‌లో నువ్వుకి 'డూ', మీరుకి 'జీ'. కొత్తమనిషి ఎవరైనా సరే 'జీ' అనాలి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తా మమ్మల్ని 'జీ' అన్నప్పుడు మా వెనకాల ఎవరన్నా వున్నారేమోనని చూశాం. మా నాయనకి డెబ్బయ్యేళ్ళు. మండలాఫీసులో ఈ రోజుకీ ఆయన్ని మీరు అన్నవాడు లేడు. తర్వాత్తర్వాత ఆ 'జీ'లో వుండే చల్లదనం కూడా తెలిసొచ్చిందిలే. వీసా పొడిగింపు దగ్గర ఎంతో మర్యాదగా 'జీ' అంటూనే నాలుగుసార్లు తిప్పారు. అయినా ఆ మొదటిసారి మాట మొదటిసారి మాటే.

ఆ సుఖం ఉగాది దాకానే. తెలుగువాళ్ళంతా ఒకచోట చేరితే పచ్చడి చేతికి ఇవ్వకముందే ఏ వూరు అన్నారు. వూరి తర్వాత ఇంటిపేరు, ఇంటిపేరు తర్వాత నవ్వు. గదులు వెతుక్కునేటప్పుడు మనవాళ్ళు రాసే ప్రకటనల్లో శాకాహారులకే అన్న షరతు చూశాం. అది కూర గురించే అని ఏ జర్మన్ అయినా నమ్ముతాడు. 2006లో అక్కడ వచ్చిన సమాన వ్యవహార చట్టంలో జాతి వుంది, మతం వుంది, లింగం వుంది, వయసు వుంది. కులం అనే మాట లేదు. బెర్లిన్ రాష్ట్రం 2020లో చేసిన చట్టంలో సామాజిక హోదా అని చేర్చింది. దాన్ని మనవాళ్ళెవరైనా ఎప్పుడైనా వాడుకోవాల్సి వస్తుంది.

ఇదంతా దాటి, పోయినవాళ్ళు ఏం చదవాలన్నది అసలు విషయం. బాబాసాహెబ్ జీవితచరిత్రల్లో 1921లో బాన్ యూనివర్సిటీలో చేరారని ఒక వాక్యం వుంటుంది. కొలంబియా, లండన్, బాన్ అని మనం ఉపన్యాసాల్లో పతకాల్లాగా చదివి చప్పట్లు కొట్టించుకుంటాం. డిగ్రీ తీసుకోలేదు, ఎక్కువకాలం నిలవలేదు గనక ఆ వాక్యం మీద ఎవరూ ఆగరు. ఆగాలి. అర్థశాస్త్రం కోసం పోయారని కొందరు రాశారు. ఆయన అక్కడ సంస్కృతానికీ ఇండాలజీకీ పేరు నమోదు చేసుకున్నారని ఆ యూనివర్సిటీ కాగితాలు చూసినవాళ్ళు చెప్తారు. బొంబాయిలో హైస్కూల్లో అంటరానివాడని సంస్కృతం చెప్పక, పారశీకం తీసుకోవాల్సి వచ్చిన విద్యార్థి ఆయన. ఆ భాష కోసం సముద్రం దాటి, ష్లెగెల్ పీఠం పెట్టిన వూరికే పోయాడు. శ్లోకంలో వుండాల్సిన మనిషి శ్లోకం చదవటానికి క్లాసు గుమ్మందాకా వచ్చాడు. అంతకు ముందు 1916లో కొలంబియాలో ఆయన చదివిన వ్యాసం భారతదేశంలో కులాల పుట్టుక మీద. దూరం పోయింది దగ్గర విషయాన్ని చూడటానికే.

ఇప్పుడు మన షెడ్యూల్డు కులాల పిల్లలకి కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇస్తుంది. 1954-55 నుంచీ వున్న పథకం. 125 సీట్లలో 115 ఎస్సీలవి. 2022లో దాని నిబంధనలు మార్చి భారత సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశం మీద సామాజిక అధ్యయనాలు ఈ విషయాల్లో చదివేవాళ్ళకి ఇవ్వబోమన్నారు. వాటికి మన దేశంలోనే కావలసినంత పాండిత్యం వుంది గదా అన్నది వాదన. ఎవరి పాండిత్యం? ఏ శాఖల్లో ప్రొఫెసర్లు ఎవరో, దళిత విద్యార్థి రాసిన సారాంశం ఎన్నిసార్లు వెనక్కి వస్తుందో తెలిసినవాళ్ళు ఆ మాట అనలేరు. ఈ నిబంధన ముందు పెట్టి చూస్తే కొలంబియాలో ఆయన చదివిన కులాల వ్యాసం కుదరదు. బాన్‌లో సంస్కృతం కుదరదు. రూపాయి సమస్య మీద లండన్‌లో రాసిన సిద్ధాంతం బహుశా కుదురుతుందేమో, అదీ కమిటీలో ఎవరుంటారో చూసి చెప్పాలి. ఇంజనీరింగుకి పోండి, మీ గురించి మీరు చదువుకోకండి అని దీని అర్థం. ఒకప్పుడు సంస్కృతం చదవకూడదన్నారు, ఇప్పుడు ఆ సంస్కృతం మనల్ని ఏం చేసిందో చదవకూడదంటున్నారు.

మా శాఖలో ఒక జూనియర్ అమ్మాయి వుంది. 1985లో కారంచేడు తర్వాత చీరాల శిబిరంలో వున్న ఆడవాళ్ళ జ్ఞాపకాల మీద పని చేయాలని ఆమె కోరిక. జర్మనీలో ఒక ప్రొఫెసరు ఒప్పుకున్నారు కూడా. స్కాలర్‌షిప్ దరఖాస్తు పెట్టే ముందు మా దగ్గరికొచ్చింది. ముగ్గురం కూర్చుని రెండు రాత్రులు ఆలోచించి శీర్షిక మార్చాం. ఇప్పుడది చిన్న పట్టణాల్లో మురుగునీటి నిర్వహణ. శిబిరంలో నీళ్ళ కోసం ఆడవాళ్ళు పడిన పాట్లు మూడో అధ్యాయంలో పెట్టొచ్చని ఆమె అంటోంది. దరఖాస్తు పంపించింది, ఇంకా జవాబు రాలేదు.