ఖాళీ తూటా ఎక్కడ పడింది?

దసరా వస్తే జిల్లా పోలీసు ఆయుధాగారాల్లో తుపాకులకు కుంకుమబొట్లు పెట్టి ఆయుధపూజ చేస్తారు. అనంతపురంలోనూ అంతే. మిగతా ఏడాదంతా వాటి బాగోగులు చూసే మనిషి ఆర్మరర్. అరిగిన భాగాన్ని కంటితో, చెవితో, వేలికొసతో పట్టుకునే అతని విద్యకు దక్కాల్సిన గుర్తింపు దక్కలేదు.

మన పోలీసులు దశాబ్దాలుగా వాడుతున్న 9 ఎం.ఎం. పిస్టల్ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైంది. దాని మూల నమూనాను అమెరికావాడైన జాన్ బ్రౌనింగ్ మొదలుపెట్టాడు. 1926లో ఆయన చనిపోయాక బెల్జియంలో ద్యూదొనె సేవ్ పూర్తిచేస్తే, 1935లో బయటికొచ్చింది. పేలగానే బారెలూ స్లైడూ కలిసి కొంచెం వెనక్కి జరుగుతాయి. బారెల్ కిందికి వాలి విడిపోతుంది. స్లైడ్ ఒక్కటే ఇంకా వెనక్కి పోతుంటే, ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం ఖాళీ తూటాను పట్టి లాగుతుంది. ఆ తూటా బయటికి ఎగిరిపోయాక రికాయిల్ స్ప్రింగు స్లైడ్‌ను ముందుకు నెట్టి కొత్త రౌండును ఎక్కిస్తుంది. రెప్పపాటులో ఇంత జరుగుతుంది, ప్రతిసారీ ఇనుము ఇనుమును కొడుతుంది.

మ్యాగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ చూసుకున్నాకే ఆర్మరర్ మిగతా పని మొదలుపెడతాడు. అసలు పరీక్ష ఫైరింగ్ రేంజిలో. ఖాళీ తూటాలు మునుపటికంటే దూరంగా పడుతున్నాయంటే రికాయిల్ స్ప్రింగు సత్తువ తగ్గిందన్న అనుమానం వస్తుంది. అప్పుడు స్లైడ్ దెబ్బ నేరుగా ఫ్రేము మీద పడుతుంది. ఆ చిన్న స్ప్రింగును వేళకు మార్చకపోతే ఫ్రేమే పగలొచ్చు. తూటా అడుగున పిన్ను గుర్తు లోతుగా పడలేదంటే చూపు హ్యామర్ స్ప్రింగు మీదికి, ఫైరింగ్ పిన్ను కొస మీదికి మళ్లుతుంది. లక్ష్యపు కాగితం మీద చిల్లులు గుండ్రంగా కాక కోలగా పడితే బుల్లెట్ గాలిలో పల్టీలు కొడుతోందన్నమాట. బారెల్ లోపలి గాళ్లు అరిగిపోయి అలా జరుగుతుంటే బాగుచేత లేదు, బారెల్ మార్చాల్సిందే.

రౌండు మధ్యలో ఇరుక్కుంటే అందరూ పిస్టల్‌ను తిడతారు. చాలాసార్లు తప్పు మ్యాగజైన్‌ది: లోపలి స్ప్రింగు మెత్తబడి ఉంటుంది, లేదా పైఅంచులు విచ్చుకుని ఉంటాయి. అనుభవమున్న ఆర్మరర్ స్క్రూడ్రైవర్ ముట్టుకోకముందే అదే పిస్టల్‌కు వేరే మ్యాగజైన్ పెట్టి చూస్తాడు. ఇరకాటం పోయిందా, దోషి దొరికినట్టే. ఒకసారికి ఒక్కటే మార్చి చూడటం ఈ పనిలో అన్నిటికంటే గొప్ప మెళకువ.

భయపడాల్సిన జబ్బు ఒకటుంది. స్లైడ్ మూసుకోగానే హ్యామర్ తనంతట తానే పడిపోవడం. హ్యామర్‌ను ఆపి ఉంచే సియర్ అంచు అరిగితే ఇలా అవుతుంది. ఆకురాయితో నాలుగు సార్లు రుద్దితే సరిపోతుందని తెలియనివాళ్లు అనుకుంటారు. గట్టిపరిచిన ఉక్కు పైపొర చాలా పలచన. అది పోతే కింద మెత్తని లోహం త్వరగా అరుగుతుంది, ట్రిగ్గర్ నొక్కకుండానే తుపాకీ పేలే ప్రమాదం వస్తుంది. అందుకే ఆ భాగాన్ని రుద్దరు, మారుస్తారు. డమ్మీ రౌండ్లతో పదేపదే పరీక్షించాకే అసలు రౌండు ఎక్కిస్తారు.

ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా గగనమైన అనంతపురం మెట్టనేలలో తుపాకీకి తుప్పుకంటే దుమ్ము పెద్ద శత్రువు. భద్రమని నూనె దండిగా పూస్తే దుమ్ము దానికి అంటుకుని సానపట్టే ముద్దలా ఉక్కును తినేస్తుంది. స్లైడ్ జారే గాళ్లకు పలచగా ఒక పూత చాలు. ఫైరింగ్ పిన్ను రంధ్రం పొడిగా ఉంటేనే మంచిది. అలాగని తుప్పును మరవకూడదు. చెమట పీల్చిన తోలు పౌచులో వారాలపాటు పడి ఉన్న పిస్టల్‌కు వానలేని ఊళ్లోనూ తుప్పు మచ్చలు వస్తాయి.

1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ బాగుచేయడానికీ లైసెన్సు ఉండాలి. సైకిలు షాపుల్లా తుపాకీ మరమ్మతు దుకాణాలు వీధికొకటి వెలిసే వీలు లేదు గనుక ఈ విద్య ఆయుధాగారాల్లో పెద్దవాళ్ల నుంచి చిన్నవాళ్లకు పనిలోనే అందుతుంది. ఎన్నికలప్పుడు ఠాణాల్లో జమచేసిన లైసెన్సు తుపాకులు నెలల తర్వాత ఇళ్లకు చేరేసరికి పాత నూనె జిగురుగా గడ్డకట్టి ఉండొచ్చు. వాటి యజమానులు వెతకాల్సింది లైసెన్సున్న మరమ్మతుదారునే.

ఏ భాగం మార్చినా ఆ సంగతి రిజిస్టరులో ఎక్కించడం మరమ్మతులో భాగమే. ఖాళీ తూటా మీద ఫైరింగ్ పిన్ను, ఎక్స్‌ట్రాక్టర్ వదిలిన గీతలను బట్టే అది ఏ తుపాకీదో ఫోరెన్సిక్ నిపుణులు పోల్చుకుంటారు. పిన్ను మారితే ఆ గుర్తూ మారుతుంది. ఇక ఫ్రేములో పగులు కనిపిస్తే వెల్డింగు ఆలోచనే ఉండకూడదు. ఎన్నేళ్లు సేవచేసినా ఆ పిస్టల్‌ను వాడకం నుంచి తీసేయాలని ఆర్మరర్ రాసిచ్చేస్తాడు.