హోయాకు ఇంట్లో చెట్టు ఎవరు?

ఈ వారం ఒక స్నేహితురాలి ఇంట్లో హోయా తీగను చూసి మనసు చివుక్కుమంది. కుండీ నిండా ఎర్రమట్టి కూరారు, రోజూ చెంబెడు నీళ్లు పోస్తున్నారు. ఆకులు పసుపెక్కాయి, మొదలు దగ్గర తీగ మెత్తబడింది.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పాట తెలిసిందే: ఇళ్లల్లో ఎండి చచ్చే మొక్కల కంటే నాని చచ్చేవే ఎక్కువ. హోయాకు అది మరీ వర్తిస్తుంది. ఆసియా అడవుల్లో, మన పశ్చిమ కనుమల్లో కూడా, ఇది చెట్ల మీద పాకుతుంది. బెరడు పగుళ్లలో పేరుకున్న ఆకుల చెత్తే దాని మట్టి. వాన కారిపోగానే వేళ్లకు గాలి తగులుతుంది. దళసరి ఆకుల్లో నీళ్లు దాచుకుంటుంది.

"చెట్టు మీద బతికేదంటే బదనికేగా! ఇంట్లో ఎందుకమ్మా?" అన్నారు ఆమె అత్తగారు. ఆ నింద పడనివ్వలేను. మామిడి కొమ్మలోకి వేరు దించి రసం పీల్చేది బదనిక. హోయా చెట్టును ఆసరా తప్ప ఏమీ అడగదు. ఇది జిల్లేడు కుటుంబంలోది; కాడ తుంచితే చాలా రకాలకు పాలు కారతాయి. లండన్ పడమట సయన్ హౌస్ తోటను సాకిన థామస్ హోయ్ పేరునే వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ 1810లో దీనికి పెట్టాడు. దొరల పేర్లు మోసే మొక్కలు బోలెడు. తోటమాలి పేరు మోస్తున్నందుకు దీనిమీద నాకు మరింత అభిమానం.

"అయితే పట్టించుకోకుండా వదిలేస్తే చాలా?" అని అడిగింది స్నేహితురాలు. ఔననబోయి ఆగాను. అడవిలో దాన్ని ఎవరూ వదిలేయలేదు. కొమ్మల సందుల్లోంచి వెలుతురు వస్తుంది, వాన దుమ్ము కడుగుతుంది, గాలి తడి ఆరుస్తుంది, రాలిన ఆకు ఎరువవుతుంది. గదిలో ఇవన్నీ మనం తెచ్చివ్వాల్సిందే.

తూర్పు కిటికీ దగ్గర వేలాడదీయండి. బెరడు ముక్కలు, కొబ్బరి పీచు ముక్కలు, కాస్త బొగ్గు కలిపి చిన్న కుండీలో నాటండి. ఆకును వేళ్ల మధ్య మెల్లగా వంచి చూడండి. మెత్తగా ఒంగితేనే నీళ్లు పోయండి. ఆకుల మొదళ్లలో పిండినల్లి చేరిందేమో తిరగేసి చూసి, తడిగుడ్డతో తుడవండి. నీళ్లు రోజూ అక్కర్లేదు గానీ, చూడడం రోజూ ఉండాలి.

పూలు రాలాక మిగిలే పొట్టి కాడను మాత్రం తుంచకండి. మళ్లీ మొగ్గలు వచ్చేది ఆ కాడకే.