పదిహేనో ఎత్తు

నేను క్లోజ్డ్ సిసిలియన్ ఆడటం మొదలుపెట్టింది బద్ధకంతో. తెల్లపావులతో ఇ4 ఆడితే అవతలివాళ్లు సి5 అంటారు. అది సిసిలియన్. అక్కడి నుంచి డ్రాగన్, స్వెష్నికోవ్ అంటూ దారులు చీలిపోతాయి, ఒక్కో దారికీ ఓ లావుపాటి పుస్తకం ఉంటుంది. హాస్టల్లో చెస్ ఆడే సీనియర్ ఒకాయన నా అవస్థ చూసి, "అవన్నీ నీకెందుకురా? గుర్రం సి3, బంటు జి3, బిషప్ జి2, డి3, ఎఫ్4. వాడు ఏం ఆడినా నువ్వు ఇదే ఆడు," అన్నాడు. అవతలివాడు ఏం చేస్తున్నాడో చూడక్కర్లేని ఓపెనింగ్! పరీక్ష ముందురోజు రాత్రి చేతికందిన గైడులా అనిపించింది.

ఆ గైడుతో చాలా ఏళ్లు ఓడిపోయాను. ఎక్కువసార్లు ఒకేలా ఓడిపోయాను. ఎందుకు ఓడిపోతున్నానో తెలిసింది మాత్రం 1968లో ఆడిన ఒక గేమ్‌ని మూడోసారి చదివినప్పుడు. చదివినప్పుడు అని తెలిసే రాస్తున్నాను. ఆ గేమ్‌ని అంతకుముందు రెండుసార్లు చూశాను, చదవలేదు.

ముందు బోర్డు సంగతి చెప్పాలి. మామూలు సిసిలియన్‌లో తెల్లవైపువాళ్లు డి4 ఆడి నడిమధ్యలో బంట్లు మార్చుకుంటారు. దాంతో దారులు తెరుచుకుని గొడవ వెంటనే మొదలవుతుంది. అందుకే దాన్ని ఓపెన్ సిసిలియన్ అంటారు. క్లోజ్డ్‌లో డి4 ఉండదు. డి బంటు ఒక్క గడి ముందుకెళ్లి డి3లో ఆగుతుంది. మధ్యలో ఏదీ మారదు కాబట్టి బోర్డు రెండు వాటాలుగా విడిపోతుంది. తెల్లవైపు నుంచి చూస్తే ఎడమచేతి వాటా క్వీన్‌సైడ్, కుడిచేతి వాటా కింగ్‌సైడ్. నల్లవైపు ఏనుగుని బి8కి తెచ్చి, బి5, బి4 అంటూ ఎడమవైపు తోసుకొస్తుంది. తెల్లవైపు ఎఫ్4, జి4, ఎఫ్5 అంటూ కుడివైపు రాజు మీదకి వెళ్తుంది. ఒకరి ఇల్లు ఇంకొకరు కూలుస్తుంటారు, ఎవరిది ముందు కూలుతుందన్నదే ఆట.

(పావుల పేర్ల గురించి ఒక మాట. మా ఇంట్లో రూక్‌ని ఏనుగు అనేవాళ్లు, ఇక్కడా అలాగే అంటాను. బిషప్‌ని ఒకరు ఒంటె అంటారు, ఒకరు శకటం అంటారు. ఆ తగువు నాకొద్దు, బిషప్ అనే ఉంచుతాను.)

నా ఓటములన్నీ బి4 దగ్గర మొదలయ్యేవి. ఆ బంటు వచ్చి సి3లో ఉన్న నా గుర్రాన్ని తరిమేది. నాకు కంగారు పుట్టేది. ఏనుగుని బి1కి, క్వీన్‌ని డి2కి జరిపి, వచ్చిన ప్రతి బెదిరింపుకీ ఒక్కో పావుని కాపలా పెట్టేవాణ్ణి. ఎఫ్4 బంటు ఎఫ్4లోనే నిలబడిపోయేది. ఇరవై ఎత్తులు గడిచేసరికి నా పావులన్నీ ఎడమవైపు మూలలో, అవతలివాడికి బాగా కలిసొచ్చే చోట పోగుపడేవి. అవతలి రాజు మాత్రం కుడివైపు హాయిగా నిద్రపోతుండేవాడు.

ఆ రోజుల్లోనే బోరిస్ స్పాస్కీ, యెఫీమ్ గెల్లర్ ఆడిన గేమ్ మొదటిసారి చూశాను. 1968 క్యాండిడేట్స్ క్వార్టర్ ఫైనల్, నల్ల సముద్రం ఒడ్డున సుఖుమి నగరం, ఆరో గేమ్. ఆ మ్యాచ్‌ని స్పాస్కీ 5.5–2.5 తేడాతో గెలిచాడు. మరుసటేడు పెట్రోసియన్‌ని ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. గెల్లర్ సామాన్యుడేం కాదు. ఓపెనింగ్‌ల జ్ఞానంలో సోవియట్ ఆటగాళ్లే భయపడే మనిషి. అలాంటివాడి సిసిలియన్ మీద స్పాస్కీ ఆ మ్యాచ్‌లో పదేపదే క్లోజ్డ్ ఆడాడు.

ఈ గేమ్ గురించి ఎవరు చెప్పినా 23వ ఎత్తు నుంచి మొదలుపెడతారు. తెల్ల ఏనుగు ఎఫ్1 నుంచి దూసుకెళ్లి ఎఫ్6లో గుర్రాన్ని కొట్టేస్తుంది. బంటుతో దాన్ని చంపుకోమని బలి ఇస్తుంది. తర్వాత క్వీన్ హెచ్7లో చెక్, గుర్రం ఎఫ్7లో ఇంకో దెబ్బ. కథ చెప్పేవాళ్ల సారాంశం ఒక్క ముక్కే: "స్పాస్కీ క్వీన్‌సైడ్‌ని గాలికొదిలేసి రాజు మీద పడ్డాడు."

నేనూ అలాగే నమ్మాను. నమ్మి, నా గైడుకి ఒక సవరణ రాసుకున్నాను: ఎడమవైపు చూడకు. తర్వాత నెలల తరబడి ఎడమవైపు చూడలేదు. ఒకరోజు ఆన్‌లైన్ గేమ్‌లో నా క్వీన్‌ని డి1 నుంచి ఇ1కి జరిపాను, కింగ్‌సైడ్‌కి పంపిద్దామని. డి4లో ఉన్న నల్లగుర్రం మెల్లగా వచ్చి సి2లో బంటుని తినేసింది. ఎ1లో ఏనుగు, ఇ1లో క్వీన్, ఇ3లో బిషప్ ఒకే గుర్రం దెబ్బలో పడ్డాయి. ఆ క్షణంలో నా దాడి ఎంత దూరం వెళ్లిందో లెక్కపెట్టుకున్నాను. ఒక బంటు, ఒక గడి.

అంటే ఎడమవైపు కాపలా కాసినా ఓడిపోతున్నాను, కాయకపోయినా ఓడిపోతున్నాను. ఓపెనింగే చెత్తది అనుకోవడం తేలిక, కొన్నాళ్లు అదే అనుకున్నాను. తర్వాత ఒక సెలవురోజు ఆ గేమ్‌ని బలి దగ్గర కాకుండా మొదటి ఎత్తు నుంచి, నిజం బోర్డు మీద, చేత్తో పావులు కదుపుతూ ఆడుకున్నాను. అప్పుడు కనపడినవి 23వ ఎత్తుకి చాలా ముందరి ఎత్తులు.

గెల్లర్ కూడా అందరూ చేసేదే చేశాడు. ఏనుగు బి8, తర్వాత బి5, ఎ5, బి4. ఎ, బి బంట్లు మారి ఎ ఫైలు మొత్తం తెరుచుకుంది. ఇక్కడ స్పాస్కీ ఆడిన మూడు ఎత్తులు చూడండి. 13: గుర్రం ఇ2కి వెనక్కి. 14: బంటు బి3. 15: ఎ1లో ఉన్న ఏనుగు సి1కి. వరసగా మూడు ఎత్తులూ ఎడమవైపువే! "గాలికొదిలేశాడు" అన్న మనిషి సరిగ్గా అక్కడే మూడు ఎత్తులు ఖర్చుపెట్టాడు.

ఆ పదిహేనోది ముఖ్యం. గెల్లర్ అప్పుడే బి8 ఏనుగుని ఎ8కి తెచ్చాడు. తెరుచుకున్న ఫైల్లో రెండు ఏనుగులు ఎదురెదురుగా నిలబడ్డాయి. చెస్ నేర్పే ప్రతి పుస్తకమూ తెరిచిన ఫైలుని వదలొద్దు అంటుంది. స్పాస్కీ వదిలేశాడు. పక్కకి రెండు గడులు జరిగి, దారివ్వడానికి ఒదిగినట్టు, ఏనుగుని సి1లో పెట్టుకున్నాడు. గెల్లర్ ఏనుగు నేరుగా ఎ2 దాకా వచ్చేసింది.

ఏనుగుల్ని మార్చుకోవచ్చుగా అని నాకు వెంటనే అనిపించింది. మార్చుకుంటే స్పాస్కీకి ఎఫ్1లో ఒక్క ఏనుగే మిగులుతుంది. అప్పుడది సి2కి కాపలా కాయాలా, ఎఫ్ ఫైల్లో దాడికి వెళ్లాలా? రెండూ చేయలేదు. సి1లో ఒకటి కూర్చుంటేనే ఎఫ్1లో ఇంకోటి తన పని తాను చేసుకుంటుంది. ఎనిమిది ఎత్తుల తర్వాత ఎఫ్6లో బలి అయ్యేది ఆ ఎఫ్1 ఏనుగే. అందరూ చప్పట్లు కొట్టే బలికి పదిహేనో ఎత్తే పెట్టుబడి.

ఇక అక్కణ్నుంచి స్పాస్కీ ఎడమవైపు వేలు పెట్టలేదు. జి4, క్వీన్ ఇ1, క్వీన్ ఎఫ్2, ఎఫ్5, జి6లో బంటుని తినడం, గుర్రం జి5, క్వీన్ హెచ్4. అన్నీ కుడివైపే. గెల్లర్ అదే సమయంలో క్వీన్‌ని ఎ8కి, అక్కణ్నుంచి ఎ6కి తెచ్చాడు. గుర్రాన్ని ఎ7, బి5 మీదుగా ఎ3కి నడిపించాడు. 22వ ఎత్తుకి ఎ ఫైల్లో నల్ల ఏనుగు, నల్ల గుర్రం, నల్ల క్వీన్ ఒకదాని వెనక ఒకటి బస్సు కోసం క్యూ కట్టినట్టు నిలబడ్డాయి. ఇచ్చిన ఫైలుని గెల్లర్ పూర్తిగా వాడుకున్నాడు. మూడు పెద్ద పావులు రాజుకి దూరంగా వెళ్లిపోయాయి.

ఇక్కడ నాకు నచ్చిన చిన్న లెక్క ఒకటుంది. గుర్రం ఎ3కి చేరేసరికి సి2 బంటు మీద నల్లవాటివి రెండు పావులు గురిపెట్టాయి. దానికి కాపలా ఒక్క సి1 ఏనుగే. రెండుకి ఒకటి అంటే సి2 పోయినట్టే. స్పాస్కీకి ఇది తెలియదా? తెలుసు. అయినా ఇంకో కాపలా పెట్టకుండా క్వీన్‌ని హెచ్4కి తీసుకెళ్లాడు. అప్పుడు గెల్లర్‌కి బంటు తినే తీరిక లేకపోయింది. 22వ ఎత్తులో ఎఫ్8 ఏనుగుని సి8కి జరిపాడు, దాంతో రాజు తప్పుకోవడానికి ఒక గడి ఖాళీ అయ్యింది. సి2 చివరికి పడింది, 25వ ఎత్తులో. 26లో సి1 ఏనుగు కూడా పడింది. అప్పటికి వాటితో పని అయిపోయింది.

నాకు అర్థమైంది ఇదే. స్పాస్కీ సి2ని శాశ్వతంగా కాపాడటానికి చూడలేదు, పది ఎత్తులపాటు కాపాడాడు. ఎడమవైపు ఏదీ పోకూడదని నేను అనుకునేవాణ్ణి. ఆ పట్టు విడిచాక ఏది పోయినా పర్లేదనుకున్నాను. స్పాస్కీ ఈ రెంటికీ మధ్య ఇంకో ప్రశ్న అడిగాడు: ఏది పోకూడదు, ఎప్పటిదాకా పోకూడదు? ఫైలు పోవచ్చు, ఇవాళే. సి2 పోవచ్చు, కానీ ఇప్పుడే కాదు. క్లోజ్డ్ సిసిలియన్‌ని ఆడటమంటే ఈ తారీఖులు వేసుకోవడమే అని నాకిప్పుడు అనిపిస్తుంది. ఐదు ఎత్తుల గైడులో అవి ఉండవు, ఎందుకంటే అవి అవతలివాడి ఎత్తుల్ని బట్టి మారతాయి. "వాడు ఏం ఆడినా ఇదే ఆడు" అన్న సలహా ఆరో ఎత్తు నుంచి పనికిరాదు. ఎక్కువ గుర్తుపెట్టుకోనక్కర్లేదన్న మాట నిజమే. ఎక్కువ చూడనక్కర్లేదు అనుకోవడం నా తప్పు.

ఈ ఓపెనింగ్‌ని నెత్తికెక్కించుకోవాలని కూడా నేను అనను. మధ్యలో ఒత్తిడి పెట్టకపోవడం వల్ల నల్లవైపుకి ఊపిరి సలుపుతుంది, డి4 గడి నల్లగుర్రానికి సింహాసనంలా దొరుకుతుంది. పైగా గెల్లర్ గుర్రాన్ని ఎఫ్6లో పెట్టాడు, అది దాడికి ఎదురుగా నిలబడి చివరికి అక్కడే చచ్చింది. ఇ6 ఆడి ఆ గుర్రాన్ని ఇ7లో పెడితే ఎఫ్5 గడి మీద పట్టు దొరుకుతుంది, తెల్లవైపు బంటు అంత సులువుగా ముందుకి రాదు. ఈ అమరిక ఇప్పుడు ఈ ఓపెనింగ్ మీద కాస్త చదివినవాళ్లందరికీ తెలుసు. కాబట్టి సుఖుమి గేమ్‌ని మంత్రంలా జపిస్తే మనకీ గెల్లర్ దొరకడు. అయినా ఆ గేమ్ పాతబడలేదు, ఎందుకంటే అది నేర్పేది ఎఫ్5 గురించి కాదు.

మనం గేమ్‌లని ఎలా చూస్తున్నామన్నది కూడా నన్ను ఇబ్బంది పెడుతుంది. బలి దగ్గర మొదలయ్యే పది నిమిషాల వీడియోలో పదిహేనో ఎత్తు ఉండదు. ఉన్నా, "ఇక్కడ తెల్లవైపు ఏనుగుని జరిపింది" అని దాటేస్తారు. కథల్నీ మనం తరచూ ఇలాగే చదువుతాం. ముగింపు గుర్తుంటుంది. ఆ ముగింపుని మోయడానికి నాలుగో పేజీలో రచయిత ఏం వదులుకున్నారో గుర్తుండదు. మొదట్లో అది మందగమనంలా, పక్కకి జరిగిన ఏనుగులా కనిపిస్తుంది.

చివరి ఎత్తు చెప్పి ఆపుతాను. ఈ ఓపెనింగ్‌లో జి2 బిషప్ నాకెప్పుడూ దండగ పావులా కనిపించేది. బోర్డంతా అడ్డంగా కోసే పొడవైన దారి మీద కూర్చుంటుంది, కానీ ఆ దారిలో తన సొంత ఇ4 బంటే గోడలా నిలబడి ఉంటుంది. స్పాస్కీ గేమ్‌లోనూ అంతే, ముప్పై ఒకటో ఎత్తు దాకా ఆ బంటు కదల్లేదు. అప్పటికి గెల్లర్ రాజు తరుముడు తట్టుకోలేక ఇ8, డి7 మీదుగా సి6కి పారిపోయాడు. ముప్పై రెండో ఎత్తులో ఇ4 బంటు పక్కకి, ఎఫ్5లో ఉన్న బంటుని తిన్నది. గోడ పోయింది. వెనక నుంచి బిషప్ చెక్. గెల్లర్ ఓటమి ఒప్పుకున్నాడు.

నాలుగో ఎత్తులో అక్కడ పెట్టిన బిషప్ అది.